చిన్న సంస్థకు ఏడాది ప్లాన్ వేసుకోవడం ఎలా?

"పని ఆగడం లేదు, అమ్మకాలూ బాగానే ఉన్నాయి. కానీ ఏడాది తిరిగేసరికి చేతిలో ఏం మిగిలిందో తెలియడం లేదు. ప్లాన్ వేసుకోమంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?" బాలానగర్‌లో మెషిన్ షాపు నడిపేవాళ్లు, అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ పెట్టినవాళ్లు, రాణిగంజ్ డీలర్లు, చిన్న స్కూళ్ల యజమానులు అందరూ ఈ ప్రశ్నే అడుగుతున్నారు. అందుకే పద్ధతి మొత్తం ఒకచోట రాస్తున్నాను. మీ దగ్గర అయిదుగురి నుంచి అరవై మంది దాకా పనిచేస్తుంటే ఇది మీకు సరిపోతుంది.

ముందే ఒక మాట. చాలామంది ప్లాన్ అంటే చేయాల్సిన పనుల జాబితా అనుకుంటారు. ఆ జాబితా రాయడానికి ఎవరికైనా పది నిమిషాలు చాలు. ఏ పనులు మానేయాలో తేల్చుకోవడమే కష్టం. అది తేలకపోతే మిగతా కాగితాలు ఎన్ని రాసినా ఉపయోగం ఉండదు. కింద నాలుగో మెట్టు దాని గురించే. టైమ్ తక్కువగా ఉంటే మిగతావి క్లుప్తంగా చేసినా ఫర్వాలేదు గానీ, దాన్ని మాత్రం దాటేయొద్దు.

కావలసినవి

- గత 12 నెలల అమ్మకాలు, ఖర్చులు. మీ అకౌంటెంట్‌ను అడిగితే టాలీ నుంచి తీసి ఇస్తారు.
- బ్యాంక్ స్టేట్‌మెంట్.
- ఎవరి దగ్గర ఎంత బాకీ ఉంది, ఎన్నాళ్ల నుంచి ఉంది అన్న జాబితా.
- మీ దగ్గర పనిచేసేవాళ్ల పేర్లు, ఒక్కొక్కరు నిజంగా చేస్తున్న పని. అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసిన పని కాదు.
- తెలుగు క్యాలెండర్ ఒకటి. ఎందుకో ఆరో మెట్టులో చెప్తాను.
- ముగ్గురు నుంచి అయిదుగురు మనుషులు. వాళ్లలో ఒకరైనా కస్టమర్‌తో రోజూ మాట్లాడేవాళ్లు అయి ఉండాలి.
- రెండు పూటల సమయం, మధ్యలో వారం గ్యాప్. ఫోన్లు పక్కన పెట్టాలి.

మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి ఫిబ్రవరిలో కూర్చోవడం మంచిది. మార్చిలో లెక్కల హడావిడి, అడ్వాన్స్ ట్యాక్స్ ఆఖరి వాయిదా ఉంటాయి, ఎవరికీ తీరిక దొరకదు. ఫిబ్రవరి దాటిపోయిందా? వచ్చే ఏడాది దాకా ఆగకుండా ఈ నెలే మొదలుపెట్టి మార్చి 31 వరకే ప్లాన్ వేసుకోండి.

మొదటి మెట్టు నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. కూకట్‌పల్లిలో 18 మంది పనిచేసే ఒక క్యాటరింగ్ సంస్థ ఉందనుకోండి. అది పెళ్లిళ్లకు వండుతుంది, ఆఫీసులకు లంచ్ పంపుతుంది, ఒక కర్రీ పాయింట్ నడుపుతుంది. అంకెలన్నీ ఉదాహరణకు వేసుకున్నవే.

1. ఏ పని ఎంత మిగులుస్తోందో విడదీసి చూడండి

మొత్తం లాభం చూసి ప్లాన్ వేయొద్దు. ప్రతి పనికీ అమ్మకాలు ఒక పక్క, ఆ పనికే నేరుగా పెట్టిన ఖర్చు మరో పక్క రాయండి.

మన సంస్థలో పెళ్లిళ్ల అమ్మకాలు 60 లక్షలు, మిగిలింది 15 లక్షలు. ఆఫీస్ లంచ్ 48 లక్షలు, మిగిలింది 6 లక్షలు. కర్రీ పాయింట్ 36 లక్షలు, మిగిలింది 9 లక్షలు. మొత్తం 30 లక్షలు. అద్దె, మేనేజర్ జీతం, కరెంటు, వ్యాన్ లాంటి ఉమ్మడి ఖర్చులు 20 లక్షలు పోతే చేతికి వచ్చేది 10 లక్షలు.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. యజమాని తన జీతం లెక్కలో వేసుకోడు, సొంత జాగా అయితే అద్దె వేసుకోడు. రెండూ వేయాల్సిందే. మీ స్థానంలో ఒక మేనేజర్‌ను పెడితే ఎంత ఇవ్వాలో, ఆ షట్టర్ బయటివాళ్లకు ఇస్తే ఎంత అద్దె వస్తుందో ఆ అంకెలు రాయండి. అప్పుడు కొన్ని "లాభాలు" మాయమవుతాయి. మాయమైతే బాధగానే ఉంటుంది, కానీ ఇప్పుడే తెలియడం మంచిది.

లెక్క సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? పనులవారీగా వేసిన అమ్మకాల మొత్తం మీ జీఎస్టీ రిటర్నుల్లో చూపిన మొత్తంతో సరిపోవాలి. సరిపోకపోతే ముందుకు వెళ్లొద్దు.

2. కస్టమర్లకు ఫోన్ చేయండి

ఎనిమిది, పది మందికి చాలు. సగం మంది ఇప్పుడు మీ దగ్గర కొనేవాళ్లు, సగం మంది మానేసినవాళ్లు ఉండాలి. మూడే ప్రశ్నలు: మా దగ్గరికి ఎందుకు వచ్చారు? ఏది నచ్చలేదు? మేం లేకపోతే ఎవరి దగ్గరికి వెళ్తారు?

మానేసినవాళ్లకు చేయడానికి మొహమాటం అడ్డొస్తుంది. అయినా చేయండి. "ఆర్డర్ కోసం కాదండీ, మా పొరపాటు ఏంటో తెలుసుకుందామని" అని ముందే చెప్తే చాలామంది మనసు విప్పి మాట్లాడతారు. యజమాని స్వయంగా అడిగితే మర్యాదకి బాగుందనే అంటారేమో అనిపిస్తే, మీ మేనేజర్‌తో చేయించండి. డెలివరీ కుర్రాడిని, కౌంటర్‌లో కూర్చునేవాళ్లను కూడా ఇవే అడగండి. వాళ్లకు మీకంటే ఎక్కువ తెలుసు.

3. అసలు సమస్యను ఒక్క వాక్యంలో రాయండి

బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అని నాలుగు గళ్ల చార్ట్ గీయడం అందరికీ తెలుసు. గీయండి, తప్పులేదు. కానీ నాలుగు గళ్లూ నింపి గోడకు అంటించి ఇంటికి వెళ్లిపోతే ఏమీ జరగదు. ఆ చార్ట్ చూసి ఒక్క వాక్యం రాయాలి: "ఈ ఏడాది మనల్ని అన్నిటికంటే ఎక్కువగా వెనక్కి లాగుతున్నది ఏమిటి?"

మన క్యాటరింగ్ సంస్థ వాక్యం ఇలా ఉండొచ్చు: "ఆఫీస్ లంచ్ మన పొద్దుటి సమయం, వ్యాన్, డబ్బు మూడింటినీ తినేస్తోంది, మిగిల్చేది మాత్రం అన్నిటికంటే తక్కువ."

"మార్కెట్ బాగాలేదు", "మంచి స్టాఫ్ దొరకడం లేదు" అని రాస్తే అది పనికొచ్చే వాక్యం కాదు. రేపు పొద్దున మీరు చేయగలిగిన పని ఏదో ఒకటి ఆ వాక్యంలోంచి పుట్టాలి.

భాగస్వాములు ఇద్దరు, ముగ్గురు ఉంటే ఎవరికి వాళ్లు విడిగా రాసి, తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. అన్నదమ్ములు కలిసి నడిపే వ్యాపారాల్లో ఇది మరీ ముఖ్యం. పెద్దాయన చెప్పాక చిన్నవాళ్లు వేరేమాట అనరు.

4. ఏం మానేయాలో తేల్చండి

ఇక్కడ తొందరపడొద్దు. మొదటి పూట మూడో మెట్టుతో ముగించి, వారం తర్వాత రెండో పూట దీనితో మొదలుపెట్టండి.

ప్రతి పనికీ మూడు ప్రశ్నలు వేయండి. ఇది ఎంత మిగులుస్తోంది? ఎంత డబ్బును ఉద్దెరలో ఇరికిస్తోంది? యజమాని సమయం ఎంత తీసుకుంటోంది? మూడో ప్రశ్నకు జవాబు ఏ లెక్కల పుస్తకంలోనూ దొరకదు. మొదటి పూటకు వారం ముందే మొదలుపెట్టి రెండు వారాల పాటు మీ రోజును గంటగంటకూ రాసుకుంటే తెలుస్తుంది.

ఉదాహరణలో ఆఫీస్ లంచ్ అమ్మకాలు నెలకు 4 లక్షలు. బిల్లు 60 రోజులకు వస్తుంటే ఎప్పుడు చూసినా 8 లక్షలు బయటే ఉంటాయి. ఆ 8 లక్షలు మీరు 12 శాతం వడ్డీకి తెచ్చుకుంటే ఏడాదికి 96 వేలు. మిగులు అనుకున్న 6 లక్షలు కాస్తా 5 లక్షలకు వచ్చేసింది. ఇంకా యజమాని పొద్దున ఏడింటి నుంచి పన్నెండింటి దాకా దానిమీదే ఉంటున్నాడు.

అలాగని మొత్తం ఆపేయాలని కాదు. ఇలాంటి చోట మూడు దారులుంటాయి.

మొదటిది, పూర్తిగా మానేయడం. అది ధైర్యం గల పని, కానీ ఆ పనిమీద బతికే మనుషులకు వేరే పని చూపించకుండా చేయొద్దు. రెండోది, షరతులు మార్చడం: ఉద్దెర తగ్గించడం, రేటు పెంచడం. మూడోది, ఇక పెంచకుండా ఉన్నంతలో కొనసాగించడం. చిన్న సంస్థలకు ఎక్కువసార్లు రెండోదే సరిపోతుంది.

ఉద్దెర విషయంలో చట్టం కొంత మీ వైపే ఉంది, ఇది చాలామంది వాడుకోరు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు గానీ సేవ గానీ తీసుకున్నవాళ్లు, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చొప్పున చక్రవడ్డీ కట్టాలి. దీనికి మీకు ఉద్యం రిజిస్ట్రేషన్ (ఇలాంటి సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) ముందే ఉండాలి. అది ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ కమీషన్ ఇవ్వాల్సిన పని లేదు. కోర్టుకెక్కమని నేను చెప్పడం లేదు. రిజిస్ట్రేషన్ నంబర్, గడువు తేదీ రెండూ ఇన్వాయిస్ మీద అచ్చువేయండి. అవతలి అకౌంట్స్ వాళ్లతో మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

తేల్చాక "ఈ ఏడాది చేయనివి" అని ఒక కాగితం మీద రాయండి. మన సంస్థది ఇలా:

- కొత్త ఆఫీస్ ఆర్డర్లు తీసుకోం.
- 45 రోజులు దాటిన బాకీ ఉన్న ఆఫీసులకు జూన్ 30 తర్వాత సప్లై ఉండదు.
- రెండో కర్రీ పాయింట్ ఈ ఏడాది తెరవం, ఎంత మంచి షట్టర్ వచ్చినా సరే.

మూడో వాక్యం రాయడానికే చేయి రాదు. మియాపూర్‌లో ఫలానా చోట షట్టర్ ఖాళీ అయిందని ఎవరో చెప్తారు, మనసు లాగుతుంది. అలాంటి రోజున తీసి చూసుకోవడానికే ఈ కాగితం.

ఈ మెట్టు సరిగ్గా చేశారో లేదో తెలుసుకోవడం సులువు. జాబితా చదివినప్పుడు మీ బృందంలో కనీసం ఒకరైనా అభ్యంతరం చెప్పాలి. అందరూ హాయిగా తలూపితే, ఎలాగూ చేయని పనులనే మీరు రాశారు.

5. మూడు లక్ష్యాలు, అంతకు మించొద్దు

ప్రతి లక్ష్యానికీ ఇప్పుడున్న అంకె, చేరాల్సిన అంకె, తేదీ, ఒక మనిషి పేరు ఉండాలి. ఇద్దరి పేర్లు రాస్తే ఎవరికీ బాధ్యత ఉండదు.

"కస్టమర్ సర్వీస్ మెరుగుపరచాలి" లక్ష్యం కాదు. ఇవి లక్ష్యాలు:

- వంద, రెండు వందల మందికి వండే చిన్న ఫంక్షన్లు నెలకు 4 నుంచి 10కి పెరగాలి, సెప్టెంబర్ 30లోగా. బాధ్యత మేనేజర్‌ది.
- ఆఫీసుల బాకీ 8 లక్షల నుంచి 3 లక్షలకు తగ్గాలి, డిసెంబర్ 31లోగా. బాధ్యత అకౌంట్స్ చూసే ఆవిడది.
- కర్రీ పాయింట్‌లో రోజూ మిగిలి పారేసేది 8 శాతం నుంచి 4 శాతానికి రావాలి, ఆగస్టు 31లోగా. బాధ్యత వంట మేస్త్రీది.

మీ కాగితం మీద ఈ పదవుల పక్కన మనుషుల పేర్లు రాయండి.

మీది ట్రస్టో, స్కూలో, అపార్ట్‌మెంట్ అసోసియేషనో అయితే లాభం బదులు మీరు ఎవరి కోసం పనిచేస్తున్నారో వాళ్లకు జరిగే మేలు అంకె అవుతుంది. పదో తరగతిలో లెక్కల్లో తప్పేవాళ్లు ఎంతమంది, మెయింటెనెన్స్ కట్టని ఫ్లాట్లు ఎన్ని, ఇలా. వ్యాపారం మొదలుపెట్టి ఏడాది కూడా కాకపోతే ఏడాది ప్లాన్ వద్దు. 90 రోజులకు ఒక్క లక్ష్యం చాలు.

6. క్యాలెండర్ మీద పెట్టండి

ఇంగ్లిష్ నెలలు మాత్రమే చూసి వేసిన ప్లాన్ హైదరాబాద్‌లో నిలబడదు. సంక్రాంతికి విజయవాడ హైవే నిండిపోతుంది, స్టాఫ్‌లో చాలామంది సొంతూళ్లకు వెళ్లిపోతారు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి నడిమి దాకా నాంపల్లి ఎగ్జిబిషన్. ఆషాఢంలో బోనాలు ఉంటాయి, పెళ్లిళ్లు ఉండవు. గణేశ్ నిమజ్జనం రోజు సరుకు కదలదు. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వస్తుంది. బిహార్, ఒడిశా కుర్రాళ్లు ఉంటే హోలీకి, ఛఠ్‌కి ఊరెళ్తారు. వీటన్నిటినీ ముందు రంగు పెన్నుతో గుర్తుపెట్టి, తర్వాత లక్ష్యాల తేదీలు వేయండి.

ముహూర్తాలతో ముడిపడిన వ్యాపారం అయితే ఇంకో జాగ్రత్త. ఫంక్షన్ హాళ్లు, పూలు, పట్టుచీరలు, బంగారం, ఫోటోగ్రఫీ అన్నీ దీని కిందికే వస్తాయి. మూఢం, అధికమాసం తప్పకుండా చూసుకోండి. అధికమాసం సుమారు 32, 33 నెలలకోసారి వస్తుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది. అందుకే 2025లో జూన్ చివర్లో మొదలైన ఆషాఢం 2026లో జూలై నడిమికి జరుగుతుంది. పోయిన ఏడాది జూన్‌తో ఈ ఏడాది జూన్‌ను పోల్చి "అమ్మకాలు పడిపోయాయి" అని టెన్షన్ పడితే అది లెక్క తప్పు. తెలుగు మాసంతో తెలుగు మాసాన్ని పోల్చండి.

ఉదాహరణ సంస్థ చిన్న ఫంక్షన్లను ఎంచుకోవడం కూడా ఇందుకే. పుట్టినరోజులు, బారసాలలు, రిటైర్మెంట్ ఫంక్షన్లు, దశదిన కర్మ భోజనాలు మూఢం చూసుకుని ఆగవు. పెళ్లిళ్లు లేని నెలల్లో గిన్నెలు, మనుషులు ఖాళీగా ఉండరు.

7. డబ్బు సరిపోతుందా?

నెలనెలా వచ్చే డబ్బు, పోయే డబ్బు 12 గళ్లలో రాయండి. లాభం కాదు, చేతిలో ఆడే నగదు. జీతాల తేదీ, 15లోగా కట్టే పీఎఫ్, ఈఎస్ఐ, నెలవారీ రిటర్ను వేసేవాళ్లకు 20లోగా జీఎస్టీ, దసరాకి ఇచ్చే బోనస్, ఈఎంఐలు అన్నీ అందులోకి రావాలి.

తర్వాత అదే కాగితం మీద ఒక పరీక్ష చేయండి. అమ్మకాలు నాలుగో వంతు తగ్గి, వసూళ్లు నెల ఆలస్యమైతే ఏ నెలలో జీతాలకు ఇబ్బంది వస్తుంది? ఆ నెల దొరికితే దానికి మూడు నెలల ముందే బ్యాంకుతో మాట్లాడండి. అవసరం నెత్తిమీదికి వచ్చాక అడిగితే బయటి అప్పులే గతి, వాటికి వడ్డీ ఎంత పడుతుందో మీకు తెలుసు.

8. ఎవరు ఏది నిర్ణయించొచ్చో రాయండి

మేనేజ్‌మెంట్‌లో మన చిన్న సంస్థలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ప్రతి చిన్న విషయానికీ యజమాని ఫోన్ మోగుతుంది. గ్యాస్ సిలిండర్ అయిపోయినా ఆయన్నే అడగాలి.

ఖర్చులకు హద్దులు పెట్టండి. ఉదాహరణకు 3 వేల దాకా స్టోర్ చూసే మనిషి, 20 వేల దాకా మేనేజర్, ఆపైన మీరు. రేట్లలో తగ్గింపుకు, సెలవులకు కూడా ఇలాగే. తర్వాత, వాళ్లు తీసుకున్న నిర్ణయం మీకు నచ్చకపోయినా అందరి ముందు కొట్టేయొద్దు. ఒక్కసారి అలా చేస్తే మళ్లీ అన్నీ మీ దగ్గరికే వస్తాయి.

కుటుంబ వ్యాపారం అయితే ఒక నియమం తప్పనిసరి: పనివాళ్లకు ఒక్కో విషయంలో ఒక్కరే చెప్పాలి. అన్న ఒకటి, బావమరిది ఒకటి చెప్తే మధ్యలో నలిగేది మేస్త్రీ. మంచి మేస్త్రీలు పని వదిలి వెళ్లిపోవడానికి చాలాసార్లు జీతం కంటే ఇదే కారణమవుతుంది.

9. అందరికీ చెప్పండి

ఒకే పేజీ: ఏం చేస్తాం, ఏం చేయం, మూడు లక్ష్యాలు. పనివాళ్లు ఏ భాషలో మాట్లాడుకుంటే ఆ భాషలో చెప్పండి. హైదరాబాద్‌లో చాలా షెడ్లలో తెలుగుతో పాటు హిందీలోనూ చెప్పాల్సి వస్తుంది. వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి వదిలేస్తే చెప్పినట్టు కాదు. నిలబెట్టి పది నిమిషాలు మాట్లాడండి, ప్రశ్నలు అడగనివ్వండి. లక్ష్యం చేరితే వాళ్లకు ఏం వస్తుందో కూడా ఆ రోజే చెప్పండి, చెప్పింది ఇవ్వండి.

10. నెలకో గంట, తప్పకుండా

ప్రతి నెలా 10న, ఒకే గంటకు కూర్చోండి. ఆ తేదీన సెలవైతే మర్నాడు. మీరు ఊళ్లో లేకపోయినా మేనేజర్ నడపాలి. ప్రతి లక్ష్యానికీ మూడు ప్రశ్నలే: అంకె ఎంత? ఎందుకు అలా ఉంది? వచ్చే నెలలోగా ఎవరు ఏం మారుస్తారు? జవాబులు ఒకే నోట్‌బుక్‌లో రాయండి. వచ్చే మీటింగ్ ఆ పేజీ చదవడంతో మొదలవ్వాలి.

ఫలితం అంకెతో పాటు దానికంటే ముందు కదిలే అంకె ఒకటి చూడండి. ఫంక్షన్ల సంఖ్య నెలాఖరుకు గానీ తెలియదు. కానీ వారానికి ఎన్ని ఎంక్వైరీలు వచ్చాయి, అదే రోజు కొటేషన్ ఎన్నిటికి పంపాం అన్నది ప్రతి శనివారం తెలుస్తుంది. అది పడిపోతుంటే వచ్చే నెల ఏమవుతుందో ఇప్పుడే అర్థమవుతుంది.

అంకె తగ్గిందని మీటింగ్‌లో ఎవరినీ తిట్టొద్దు. తిట్టిన నెల తర్వాత నుంచి మీకు వచ్చేవి అందమైన అంకెలే, నిజమైనవి కాదు. గట్టిగా చెప్పాల్సింది ఉంటే విడిగా పిలిచి చెప్పండి.

ప్లాన్ పనిచేస్తోందా? 90వ రోజున చూడాల్సినవి

- ముందుగా చెప్పకుండా ఎవరో ఇద్దరు పనివాళ్లను "ఈ ఏడాది మనం ఏం చేయకూడదనుకున్నాం?" అని అడగండి. చెప్పగలగాలి.
- "చేయనివి" కాగితంలో ఒక్కటైనా మీరే తప్పారా? తప్పితే ఎందుకో రాయండి.
- మీ ఫోన్‌కు వచ్చే చిన్నచిన్న నిర్ణయాలు తగ్గాయా?
- మూడు లక్ష్యాల్లో కనీసం ఒకటి కదిలిందా? ఏదీ కదలకపోతే సాధారణంగా తప్పు మనుషుల్లో ఉండదు, నాలుగో మెట్టులో ఉంటుంది. పాత పనులు ఆగలేదు, కొత్తవాటికి సమయం దొరకలేదు.

ఒంటరిగా చేయడం కష్టంగా ఉంటే యూసుఫ్‌గూడలోని జాతీయ ఎంఎస్ఎంఈ సంస్థ చిన్న పరిశ్రమల వాళ్లకు శిక్షణలు ఇస్తుంది. మహిళా వ్యాపారులకు 2018లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన వీ హబ్ ఉంది. కన్సల్టెంట్‌ను పెట్టుకున్నా సరే, నాలుగో మెట్టు మాత్రం వాళ్ల చేత రాయించొద్దు. ఏది వదులుకోవాలో మీరే తేల్చుకోవాలి.

ఇక, ప్లాన్‌ను మధ్యలో మార్చొచ్చా అని అందరూ అడుగుతారు. అంకె ఒక నెల తగ్గిందని మార్చొద్దు. మూడు సందర్భాల్లో మాత్రం మార్చాల్సిందే. మీ పనికి సంబంధించిన పన్ను గానీ నిబంధన గానీ మారినప్పుడు. ఒక లక్ష్యం బాధ్యత మోస్తున్న మనిషి పని మానేసినప్పుడు. మీ అమ్మకాల్లో మూడో వంతు ఇచ్చే కస్టమర్ వెళ్లిపోయినప్పుడు. ఈ మూడింట్లో ఏది జరిగినా నెల 10 దాకా ఆగకుండా ఆ వారమే కూర్చుని, మొదటి మెట్టు అంకెలు మళ్లీ తీయండి.